కోలుకుంటాయని హామీ ఇచ్చేదెవరు?

ఐటీ షేర్లు ఇంకా పడతాయా, ఇక లేస్తాయా? తిరుపతిలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లకు కొదవలేదు. హోటల్ హాళ్లలో ఉచిత సదస్సులు, టెలిగ్రామ్‌లో టిప్స్ గ్రూపులు, అన్నిచోట్లా ఒకటే పాట: 'బాటమ్ అయిపోయింది, ఇక పడవు, ఇప్పుడే కొనండి, ముందు కొన్నవాళ్లు ఈ తక్కువ ధరకు మరికొన్ని కొని యావరేజ్ చేయండి'. ఆ మాట తప్పితే బాధ్యత ఎవరిది? మేము అడుగుతున్నది ఇదొక్కటే.

మార్కెట్ ఎప్పటికైనా కోలుకుంటుందన్న వాదనలో నిజం లేకపోలేదు. టెక్ కంపెనీలు ఎక్కువగా ఉన్న అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ 2022లో మూడో వంతు విలువ పోగొట్టుకుని, 2023లో 43 శాతం పెరిగింది. కానీ అదే నాస్‌డాక్ 2000 మార్చిలో 5,048 దగ్గర ముగిసి, 2002 అక్టోబరుకు 1,114కు జారిపోయింది. నూరు రూపాయలు ఇరవై రెండయ్యాయి. ఆ ఇరవై రెండు మళ్లీ నూరు కావాలంటే నాలుగున్నర రెట్లు పెరగాలి. అందుకు 2015 ఏప్రిల్ దాకా పట్టింది. రిటైరైన రోజు గ్రాట్యుటీ డబ్బు తెచ్చి షేర్లలో పోసిన మనిషి పదిహేనేళ్లు ఆగగలడా?

పైగా సూచీ లేచినంత మాత్రాన మనం కొన్న షేరు లేవాలని లేదు. చితికిన కంపెనీని సూచీలోంచి తీసేసి కొత్తదాన్ని చేరుస్తారు. చితికిన షేరు మాత్రం కొన్నవాడి డీమ్యాట్ ఖాతాలోనే, అంటే షేర్లు దాచుకునే ఖాతాలోనే, పడి ఉంటుంది. తెలుగువాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? కార్పొరేట్ గవర్నెన్స్‌కు, అంటే కంపెనీని సక్రమంగా నడుపుతున్నందుకు, అవార్డు అందుకున్న కొన్ని నెలలకే, 2009 జనవరి 7న, లెక్కల మోసం బయటపడి, హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం షేరు ఒక్కరోజులో నాలుగింట మూడొంతులకు పైగా విలువ కోల్పోయింది. అంతకు ముందు దాన్ని కొనమని చెప్పినవాళ్లలో ఎందరు జవాబు చెప్పారు?

ఇప్పటి పతనం ధరల సర్దుబాటేనా, వ్యాపారమే మారిపోతోందా అన్నది ఇంకా తేలలేదు. ఎంతమందిని పనిలో పెడితే అంత బిల్లు అన్న పద్ధతి మీద పెరిగిన పరిశ్రమ ఇది. ఆ పనిలో కొంత కృత్రిమ మేధ చేసేస్తే బిల్లు ఎవరి పేర వేస్తారు? 2025లో పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ లాభాల్లో ముగిసినా ఐటీ సూచీ నష్టాల్లోనే ఉండిపోయింది. ఆ ఏడాది జులైలో టీసీఎస్ సుమారు 12 వేల ఉద్యోగాలు తగ్గిస్తామంది. నగదు నిల్వలున్న పెద్ద కంపెనీలు తట్టుకుంటాయనే మేమూ అనుకుంటున్నాం. అయితే ఎప్పటికి, ఏ ధరకు అన్నది చెప్పగలిగినవాడు లేడు. చెప్పగలనంటున్నవాణ్ని నమ్మకూడదు.

మన ఊళ్లలో ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. కొడుకో కూతురో బెంగళూరులోనో చెన్నైలోనో ఐటీ ఉద్యోగం చేస్తుంటారు. ఇంటి అప్పు కంతులు ఆ జీతంలోంచే కట్టాలి. ఇక్కడ తండ్రి దాచుకున్న డబ్బూ ఐటీ షేర్లలోనే ఉంటే, పరిశ్రమ తడబడిన రోజున జీతం, ఇల్లు, పొదుపు మూడూ కలిసి కదులుతాయి. ఈ ముక్క ఏ సదస్సులోనైనా చెబుతున్నారా? చెప్పకపోగా, నష్టం త్వరగా రాబట్టుకోవచ్చంటూ, ధర ఎటు పోతుందన్నదాని మీద పందెం లాంటి ఆప్షన్లలోకి దించుతున్నారు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇలాంటి ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటిందని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది.

2025లో తోతాపురి మామిడి ధర కుప్పకూలినప్పుడు చిత్తూరు రైతు గుజ్జు ఫ్యాక్టరీని నిలదీశాడు, ప్రభుత్వాన్ని నిలదీశాడు. కిలోకు నాలుగు రూపాయలు ఇస్తామని సర్కారు చేత అనిపించాడు. షేర్ల టిప్ నమ్మి మునిగినవాడు ఎవరిని నిలదీయాలి? గ్రూపు అడ్మిన్‌నా?

డబ్బు తీసుకుని షేర్ల సలహా చెప్పాలంటే సెబీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంత లాభం గ్యారంటీ అనే హక్కు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకూ లేదు. 'మేం పాఠాలే చెబుతున్నాం' అని తప్పించుకోవడానికీ వీల్లేదు. గత మూడు నెలల ధరలు చూపి పాఠం చెప్పకూడదని 2025 జనవరిలోనే సెబీ తేల్చేసింది. నిబంధనలున్నాయి, అమలు చేసేవాళ్లే కనబడటం లేదు. రిజిస్ట్రేషన్ నంబరు అడగకుండా హాలు అద్దెకిచ్చే యాజమాన్యాలకు, ఫిర్యాదు చేతికొచ్చేదాకా కదలని పోలీసులకు ఇందులో వాటా లేదా?

వేదికెక్కి భరోసా ఇస్తున్న పెద్దమనుషులు ముందు తమ సెబీ నంబరు, ఆ తర్వాత తమ సొంత డీమ్యాట్ ఖాతా తెర మీద చూపించాలి. అది చేతకాకపోతే రిటైరైన టీచర్ల, టీటీడీ ఉద్యోగుల గ్రాట్యుటీ జోలికి రావద్దు.