మెట్ల దీపంలో నా వాటా

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 2,920 మెగావాట్లు. దాని పొగగొట్టాలు మా డాబా మీదికి చక్కగా కనిపిస్తాయి. డాబాకు వెళ్లే మెట్లే కనిపించవు. కామన్ మీటరు దగ్గర తీగ కాలిపోయింది.

మిస్త్రీ రెండు వేలు అడిగాడు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత మా సొసైటీని చూసే పుట్టి ఉంటుంది. మూడో అంతస్తు పిన్నిగారు తమకు ఇన్వర్టరు ఉందన్నారు. అది మెట్ల మీద ఎలా వెలుగుతుందో చెప్పలేదు. అద్దెకున్న బొగ్గుగని కుర్రవాడు యజమానిని అడగమన్నాడు. యజమాని కుర్రవాడిని అడగమన్నాడు. కింది ఇంటి బాబాయిగారిది మాత్రం తిరుగులేని వాదన: "నేను మెట్లు ఎక్కను. ఎక్కనివాడికి దిగే పనీ లేదు. నేనెందుకివ్వాలి?"

సెక్రటరీ కాకా మరాఠీ ఆయన. వచ్చీరాని తెలుగులో సహకార హౌసింగ్ సొసైటీల నియమావళి వినిపించారు. మెట్ల దీపాలు, నీళ్ల పంపు, ఫ్లాటులోని మెయిన్ స్విచ్ దాకా వచ్చే తీగలు సొసైటీ ఖర్చు. స్విచ్ దాటితే ఎవరిది వారిదే. మరమ్మతుల నిధికి ప్రతి ఫ్లాటూ తన నిర్మాణ ఖర్చులో ఏటా కనీసం 0.75 శాతం కట్టాలి.

"అయితే ఆ నిధిలోంచి తీయండి!"

"మీరు కడితే కదా ఉండేది!"

లిఫ్టు ఉన్న భవనంలో దాన్ని వాడని వారు కూడా ఖర్చు భరించాల్సిందేనని కాకా ఇంకా చెబుతున్నారు. "మనకు లిఫ్టే లేదుగా!" అని బాబాయిగారు విజయగర్వంతో స్నానానికి వెళ్లిపోయారు.

మే నెల. చంద్రపూర్ ఎండ. కాసేపటికి ఆయన తువ్వాలుతో, తలనిండా సబ్బు నురగతో గుమ్మంలోకి వచ్చారు. కుళాయిలో నీళ్లు లేవు.

"పంపుదీ ఆ మీటరే," అన్నారు కాకా చల్లగా.

బాబాయిగారు ఒక కన్ను మూసుకునే బేరానికి దిగారు. "పంపు మటుకు నా వాటా రాసుకోండి. బల్బుకు పైసా ఇవ్వను."

మిస్త్రీ కాలిన తీగ ఎత్తి చూపించాడు. "ఉన్నది ఒక్కటే తీగ. సగం అతికించి వెళ్లిపోనా?"

సబ్బు కంట్లోకి దిగుతుంటే బేరం ఎంతసేపు సాగుతుంది? డబ్బు ఇచ్చేశారు, అదీ అందరికంటే ముందు.

ఇప్పుడు రోజూ చీకటి పడగానే బాబాయిగారు మూడో అంతస్తు దాకా ఎక్కి, తన వాటా బల్బు వెలుగుతోందో లేదో చూసుకుని దిగుతున్నారు. ఉదయం ఏడు దాటినా అది వెలుగుతూ ఉంటే కాకా తలుపు తడుతున్నారు.