గొర్రెకున్న యోగం

మన దేశంలో, పేగుల్లో కాపురముండే కొంకిపురుగంత చట్టానికి కట్టుబడే ప్రాణి మరొకటి లేదని నా గట్టి నమ్మకం. 2015 నుంచి నులిపురుగుల నివారణ దినం జరుపుకుంటున్నాం. ఫిబ్రవరి 10న ఒక విడత, చాలా రాష్ట్రాల్లో ఆగస్టు 10న ఇంకోటి. అంగన్‌వాడీల్లో, బళ్లలో 1 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర, రెండేళ్లలోపు బుడతలకు అందులో సగం. అంటే 20 నిండినవాడి కడుపు జోలికి పురుగు పోదన్నమాట. గుమ్మంలోనే ఆధార్ అడిగి, పుట్టిన తేదీ చూసి, దణ్ణం పెట్టి వెనక్కి తిరుగుతుంది కాబోలు.

డాక్టర్లే అనవసరంగా టెన్షన్ పెడతారు. ఏలికపాములు పిల్లల్లోనే ఎక్కువట, సరే. కొంకిపురుగు మాత్రం పెద్దవాళ్లలోనే ఎక్కువగా కాపురం పెడుతుందట. దానికి మన నోటితో పని లేదు. తడిమట్టిలో కాచుకుని, ఉత్తికాలు తగిలితే చాలు, చర్మంలోంచి దూరిపోతుంది. తిరిగి తిరిగి పేగు చేరి, గోడ కరిచిపట్టుకుని ఏళ్ల తరబడి రక్తం తాగుతుంది. పిల్లాడు బళ్లో మాత్ర వేసుకుని ఇంటికొస్తాడు. తండ్రి పొద్దున్నే చెంబు పట్టుకుని చెరువుగట్టుకు పోయి మళ్లీ పురుగు విత్తనాలు జల్లి వస్తాడు. ఇంట్లో మరుగుదొడ్డి లేక కాదు, అందులో పిడకలున్నాయి.

పెద్దవాళ్లకు దారే లేదనడం అన్యాయం. రెండున్నాయి. గర్భిణి అయితే మొదటి మూడు నెలలు దాటాక ఈ మాత్ర ఇస్తారు. లేదా బోదకాలు మాత్రలు పంచే జిల్లాలో పుట్టి ఉండాలి, అక్కడ డీఈసీ అనే బోదకాలు మందుతో పాటు ఇదీ మింగిస్తారు. గొర్రెలు కాసే మా మామకు మొదటిది కుదరదు. రెండోదానికి జిల్లా కలిసిరాలేదు.

ఆయన గొర్రెలకు మాత్రం యోగం ఉంది. కడుపులో పురుగులకు పోసే నట్టల మందు వచ్చిన రోజు మందనంతా దొడ్లోకి తోలి, మేత మొదలెట్టిన పిల్ల నుంచి ముసలి పొట్టేలు దాకా వరసగా నోరు తెరిపించి పోస్తారు.

"పిల్లలకు పోస్తే చాలదా మామా?" అన్నాను.

నాకేసి జాలిగా చూశాడు. "తాగనివి పెంటికలేసిన గడ్డే కదా అల్లుడూ, తాగినవీ మేసేది?"

ఈ ముక్కే మనుషుల విషయంలో తేల్చడానికి బెనిన్‌లో, మలావీలో, మన పక్కనున్న తమిళనాడులో డీవార్మ్3 అని పెద్ద పరిశోధన పెట్టారు. చిన్నా పెద్దా అనకుండా ఊరందరికీ ఏడాదికి రెండుసార్లు, మూడేళ్లపాటు మాత్రలు. మామను అడిగుంటే చాలా ఖర్చు కలిసొచ్చేది.

మందు పోయడం అయ్యాక డబ్బా అడుగున కొంచెం మిగిలింది. మామ అటు చూసిన చూపు అర్థమై పశువుల డాక్టరు గబుక్కున మూత బిగించాడు.

"అది గొర్రెలకే."