సవరణ: స్టార్ ప్రచారకుల సభ ఖర్చు ఎవరి లెక్కలో పడుతుంది?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు అభ్యర్థుల ఏజెంట్ల కోసం పెట్టిన పోస్టులో "పెద్ద నాయకుడి సభ ఖర్చంతా పార్టీదే" అని రాశాం. అది తప్పు. నమ్మి లెక్క రాసుకున్నవారు వెంటనే సరిచేసుకోండి.

ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది నాయకుడి ప్రయాణ ఖర్చుకే. అదైనా, నోటిఫికేషన్ వచ్చిన 7 రోజుల్లో పార్టీ ఎన్నికల సంఘానికి ఇచ్చిన స్టార్ ప్రచారకుల (పార్టీ తరఫున ప్రచారం చేసే పెద్ద నాయకుల) జాబితాలో ఆయన పేరుంటేనే. ఆ జాబితాలో గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది, మిగతా రిజిస్టర్డ్ పార్టీలకు 20 మంది. అభ్యర్థి అదే హెలికాప్టర్‌లో, కారులో కూర్చుంటే ఆ ప్రయాణ ఖర్చులో సగం అభ్యర్థికి రాస్తారు.

ఇక వేదిక, మైకు, షామియానా, కుర్చీల సంగతి. అభ్యర్థి వేదికెక్కినా, ఎక్కకుండానే వెనక ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఉన్నా, నాయకుడు ఆయన పేరు పలికినా అది అభ్యర్థి ఖర్చే. ఎక్కువమంది ఉంటే సమానంగా పంచుతారు. ఉదాహరణకు సభకు 6 లక్షలైతే, ముగ్గురు అభ్యర్థులుంటే తలా 2 లక్షలు. 2024లోలా ఒడిశాలో లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు కలిసి వస్తే ఒకే వేదిక మీద ఇద్దరు ముగ్గురు ఉండడం మామూలే. 2022లో సవరించిన ఎన్నికల ఖర్చు పరిమితి ప్రకారం అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలే కాబట్టి, రెండు పెద్ద సభలకే చాలా హరించుకుపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ఎన్నికల అధికారుల వీడియో బృందం సభలో కుర్చీలు, వాహనాలు, వేదిక కొలత రికార్డు చేసుకుంటుంది. మీ ఖర్చుల రిజిస్టర్‌లో కుర్చీలు తగ్గితే ఎన్నికల ఖర్చు పరిశీలకుడి తనిఖీలో తేడా బయటపడి నోటీసు వస్తుంది. సభ రోజు రాత్రే బిల్లులు రాయించుకోండి.