రామప్పకు ప్రకృతి చాలలేదట

పాలంపేటలో ప్రకృతికి కరువొచ్చిన సంగతి మొన్నటిదాకా నాకు తెలియదు. రామప్ప చెరువు కట్ట దగ్గర "ప్రకృతి ఒడిలో కళా సాయంత్రం" అని పిలుపొస్తే వెళ్లాను. దారి పొడవునా ప్లాస్టిక్ బంతిపూల తోరణాలు. వేదిక మీద ఆకుపచ్చ కార్పెట్. అది పచ్చిక అని అర్థం చేసుకోవాలి. వెనకాల ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద ఓ జలపాతం, దాని పక్కనే మంచు కొండలు. ములుగు జిల్లాలో మంచు కొండలేమిటా అని ఫ్లెక్సీ వెనక్కి తొంగి చూశాను. అక్కడ చెరువుంది. నిండుగా ఉంది. ఎవరికీ కనబడకుండా జాగ్రత్తగా కప్పిపెట్టారు.

నిర్వాహకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తప్పంతా కాకతీయులది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడి రామప్ప గుడి కట్టించాడు. పని నలభై ఏళ్లు సాగిందంటారు. అన్నేళ్లు గుట్టలు, అడవి, చెరువు, పొలాల మధ్య కూర్చుని కూడా వాటికి అడ్డంగా ఒక్క పరదా కట్టాలని వాళ్లకు తోచలేదు. పైగా 2021లో యునెస్కో వాళ్లొచ్చి, చుట్టూ ఉన్న కొండలు, అడవి, చెరువు, సాగు భూములతో గుడి చక్కగా కలిసిపోయిందని మెచ్చుకుని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పాపం, మన ఫ్లెక్సీ చూడకముందు రాసిన మాటలవి.

ప్రచారం విషయంలో రుద్రుడు మరీ అమాయకుడు. అంత ఖర్చుపెట్టి ఒక్క రాతి శాసనంతో సరిపెట్టుకున్నాడు. ఫలితం చూశారుగా. డబ్బు సేనానిది, పేరు శిల్పిది. ఎనిమిది వందల ఏళ్లుగా జనం దాన్ని రామప్ప గుడి అనే అంటున్నారు. మా సాయంత్రానికి ఆ ప్రమాదం లేదు. ఫ్లెక్సీ మీద జలపాతానికి అటూ ఇటూ కలిపి పద్దెనిమిది ఫొటోలున్నాయి. కళాకారుల ఫొటో ఒక్కటీ లేదు. వచ్చే తరాలకు ఏ అనుమానమూ రాదు.

ఇక ఏనుగుల సంగతి. గుడి అడుగు భాగాన చుట్టూ రాతి ఏనుగుల వరుస ఉంటుంది. ఒకదాని తొండం ఉన్నట్టు ఇంకోదానిది ఉండదని గైడ్లు ఆపి మరీ చూపిస్తారు. ఎంత సమయం వృథా! మా వేదికకు అటొకటి ఇటొకటి థర్మకోల్ ఏనుగులు. రెండూ ఒకే అచ్చు. రెండూ తొండమెత్తి నమస్కారం పెడుతున్నాయి. ఎవరికి పెడుతున్నాయో చెప్పక్కర్లేదు. ఆ కుర్చీ ఒక్కటే సోఫా.

ఆ కాలంలో శాఖల విభజన కూడా సరిగ్గా లేనట్టుంది. గణపతిదేవుడి గజసేన చూసుకునే జాయప సేనాని నాట్యం మీద నృత్తరత్నావళి రాశాడు. ఏనుగుల శాఖ వాడివి, నీకు గజ్జెలతో పనేమిటయ్యా అని అడిగే పై అధికారి లేకపోయాడు. దాని పర్యవసానం ఇరవయ్యో శతాబ్దందాకా పాకింది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ, ఈ గుడి మీది నాట్య శిల్పాలనూ ముందు పెట్టుకుని పేరిణి శివతాండవ నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. ఇప్పుడు పేరిణి నేర్చుకున్న పిల్లలకు ఎక్కడో ఒకచోట చోటివ్వాల్సి వస్తోంది. మేమూ ఇచ్చాం. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, పన్నెండు మందికి శాలువాలు, పర్యావరణ పరిరక్షణ మీద నాలుగు ప్రసంగాలు అయ్యాక పది నిమిషాలు. అయిదింటికి గజ్జెలు కట్టుకున్న కుర్రాళ్లు తొమ్మిదింటికి వేదికెక్కారు. పక్కనున్న జనరేటర్ మోతలో మద్దెల వినబడలేదు గానీ, లయ రెండింటిదీ ఒకటేనని నా పక్కాయన ఓదార్చాడు.

అసలైన ప్రకృతి మాత్రం ఏడున్నరకే వచ్చేసింది. చెరువు కింద వరి కోతకొచ్చిన రోజులు. పొలాల మధ్య అంత వెలుతురు పెడితే ఏమవుతుందో ఆ ఊళ్లో ఏ రైతు నడిగినా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. ముఖ్య అతిథి చేతులు చాచి "మనమంతా ప్రకృతిలోకి వెళ్దాం" అన్నారు. అంతదూరం ఎందుకని పచ్చదోమలే గుంపులు గుంపులుగా వచ్చాయి. ఒకటి నేరుగా ఆయన నోట్లోకే పోయింది. జీవవైవిధ్యం మీద ప్రసంగం అక్కడితో ఆగిపోయింది. వచ్చే ఏడు ముందురోజే మందు కొట్టించాలని అక్కడికక్కడే నిర్ణయం జరిగింది. ప్రకృతి కార్యక్రమం కదా, పురుగూ పుట్రా ఉంటే బాగుండదు.

ఇదే జిల్లాలో మేడారం ఉంది. రెండేళ్లకోసారి చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తీసుకొస్తారు. లక్షల మంది అడవిలోకి నడుస్తారు, బెల్లాన్ని బంగారమంటారు. థీమ్ లేదు, యాంకర్ లేదు, అడవిని అడవే అనుకోమని చెప్పే ఫ్లెక్సీ అసలే లేదు. అంతమంది ఏ ధైర్యంతో వస్తారో!

పొద్దున్నే తిరుగు ప్రయాణానికి ముందు కట్ట మీదికి వెళ్లాను. ట్రాలీ ఆటోలో ఒక్క ఏనుగుకే చోటు సరిపోయిందట. రెండోదాన్ని విరిచి ఒడ్డున పడేశారు. తెల్లటి తొండం చెరువులో తేలుతోంది. రామప్ప గోపురానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుందని మనం ఊరూరా గొప్పగా చెప్పుకుంటాం. తేలే వస్తువు చేయడంలో మనమూ తక్కువ తినలేదు. మళ్లీ ఎనిమిది వందల ఏళ్ల తర్వాత యునెస్కో వాళ్లొచ్చినా ఆ తొండం అక్కడే తేలుతూ, నమస్కారం పెడుతూ ఉంటుంది.