మా బాత్రూమ్ తలుపుగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బాత్రూమ్ తలుపుగారి సముఖమునకు,

బెంగళూరు మారతహళ్లిలో, మూడో అంతస్తులో, మీతోపాటే ఒకే కప్పు కింద అద్దెకుంటున్నవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు మాట్లాడ్డం మానేసి నాలుగు రోజులైంది. అందుకే ఈ ఉత్తరం.

ఈ ఇంట్లో దిగిన మొదటి రాత్రి గుర్తుందా? పది నెలల అద్దె అడ్వాన్సుగా పోసి, ఖాళీ జేబుతో ఖాళీ ఇంట్లో చాప పరుచుకున్నాను. రాత్రి రెండింటికి మీరు కిర్రుమన్నారు. ఒక్కసారిగా కాదు. ముందు సన్నగా, పిల్లి గొంతు సవరించుకున్నట్టు. తర్వాత ఆగారు. ఏమీ లేదులే అని నేను ఊపిరి వదిలేంత గడువిచ్చి, అప్పుడు మిగతాది వినిపించారు. ఆ ఆగడంలోనే ఉంది మీ విద్యంతా.

పొద్దున్నే వెళ్లి ఓనర్ ఆంటీకి చెప్పాను. వాళ్లది తాతల కాలం నుంచీ బెంగళూరే, ఇంట్లో మాత్రం తెలుగే. కాకపోతే దాన్ని కన్నడంలో ఒక ముంచు ముంచి తీస్తారు. “ఏమప్పా, తలుపు కిర్రంటే మంచిదే గదా! దొంగ వస్తే గొత్తవుతుంది” అన్నారు. గొత్తవడమంటే తెలియడం. బాత్రూమ్‌లోంచి వచ్చే దొంగ ఎవరని నేనడగలేదు. అడ్వాన్సు ఆవిడ దగ్గరుంది.

మీ వంశం గొప్పదే, కాదనను. 1941లో అమెరికా రేడియోలో ‘ఇన్నర్ శాంక్టమ్ మిస్టరీ’ అనే కార్యక్రమం మొదలైంది. కథ ఏదైనా, నటులెవరైనా, మొదట వినబడేది మాత్రం కిర్రుమంటూ తెరుచుకునే తలుపే. రేడియోలో చూపించడానికి ఏమీ ఉండదు గనక, ఆ తలుపు వెనక ఏముందో ఎవరింట్లో వాళ్లే కట్టుకున్నారు. ఖర్చు లేని సెట్టింగు.

బొమ్మ చేతిలో ఉండి కూడా చూపించకుండా ఉండాలంటే మాత్రం గుండె దిటవు కావాలి. రాబర్ట్ వైజ్‌కి ఉంది. ఆయన 1963లో తీసిన ‘ది హాంటింగ్’ నేను చాలాసార్లు చూశాను. సినిమా అయిపోతుంది గానీ దెయ్యం కనబడదు. గదిలో మనుషులు నోళ్లు మూసుకుని కూర్చుని ఉంటారు. బయట ఏదో బాదుతూ వస్తుంది, ఆగుతుంది. మూసిన తలుపు మూసినట్టే ఉండి, ఊపిరి తీసుకున్నట్టు లోపలికి ఉబ్బుతుంది. పొరలుగా అతికించిన చెక్క, దాన్ని వెనకనుంచి నెట్టడానికి ఒక బలమైన మనిషి. అంతే సరంజామా. ఆరు దశాబ్దాలు దాటినా ఆ చెక్కా, ఆ వస్తాదూ కలిసి జనాన్ని భయపెడుతూనే ఉన్నారు.

1968లో వచ్చిన ‘రోజ్‌మేరీస్ బేబీ’లో మీ చౌకట్టుది పెద్ద వేషం. పక్కింటావిడ పడగ్గదిలో ఫోన్లో మాట్లాడుతుంటుంది. కెమెరా బయట ఉంటుంది, గుమ్మం ఆవిణ్ణి అడ్డంగా మింగేస్తుంది. మనిషి కనబడ్డం లేదని కెమెరామన్ విలియం ఫ్రేకర్‌కు ఆ ఫ్రేము నచ్చలేదు. దర్శకుడు పొలాన్‌స్కీ అలాగే కావాలన్నాడు. తీరా సినిమా ఆడినప్పుడు హాల్లో జనమంతా గుమ్మం అవతలికి తొంగిచూడ్డానికి తలలు పక్కకు వంచారట. నేనూ వంచాను. లాప్‌టాప్ ముందు, ఒంటరిగా. ఎవరూ చూడలేదు గనక సిగ్గుపడలేదు.

‘ది షైనింగ్’లో (1980) గొడ్డలి దెబ్బలు తిన్నది మీ దగ్గరి చుట్టమే, అదీ బాత్రూమ్ తలుపే. మొదట తేలికపాటి సెట్టింగు తలుపు పెట్టారట. నటుడు జాక్ నికల్సన్ ఒకప్పుడు మంటలార్పే పని చేసినవాడు కావడంతో దాన్ని చిటికెలో చీల్చేశాడు. అప్పుడు గట్టి తలుపు తెచ్చారు. సినిమాల్లో ఒక తలుపుకు గట్టిదనం చూసి వేషమివ్వడం బహుశా అదొక్కసారే.

‘సైకో’ (1960) దగ్గర మాత్రం మీకు అన్యాయం జరిగింది. బాత్రూమ్‌లో హత్య జరిగే సీనులో మెల్లగా తెరుచుకున్నది తలుపైతే, పేరంతా ప్లాస్టిక్ కర్టెన్ కొట్టేసింది. మిగిలినది వయొలిన్లు కొట్టేశాయి. దర్శకుడు హిచ్‌కాక్ ఆ స్నానం సీనుకు అసలు సంగీతమే వద్దనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఆ మాట పక్కనపెట్టి తీగవాద్యాలతో కీచుమనిపించాడు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. ఆ వయొలిన్లు మీకు జ్ఞాతులని ఎంతమందికి తెలుసు? కమాను తీగ మీద నున్నగా జారిపోదు. తీగను పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, సెకనుకు వందలసార్లు. తుప్పుపట్టిన మీ బందులోని కడ్డీ చేసేదీ అదే పని. ఆ పట్టు కోసం వాళ్లు కమానుకు రోజిన్ అనే చెట్టు బంక రుద్దుతారు. ఓనర్ ఆంటీ ఏళ్లతరబడి నూనె వెయ్యకుండా అదే ఫలితం సాధించారు. వాళ్లది సంగీతం, మీది రిపేరు. లోకం తీరు.

ఇంకో సంగతి. అమెరికాలో డేనియల్ బ్లమ్‌స్టీన్ అని ఒక శాస్త్రవేత్త. కొండల్లో మర్మోట్ అనే ఉడుత జాతి జంతువుల అరుపుల మీద పనిచేసేవాడు. ప్రాణభయంతో అరిచే జంతువు గొంతు గీరుకుపోతుంది, పగిలిన స్పీకరులాగా. ఆయనా, తోటివాళ్లూ కలిసి సినిమాల సౌండ్‌ట్రాకులను పరిశీలించి, హారర్ సినిమాల్లో అలాంటి గీరుడు అరుపులే ఎక్కువని 2010లో తేల్చారు. అంటే ఆ మొదటి రాత్రి చాప మీద ఉలిక్కిపడి లేచింది బీటెక్ చదివిన నేను కాదన్నమాట. చెట్టు కొమ్మ మీద పడుకున్న మా ముత్తాతల ముత్తాత. ఈ మాట ఆఫీసులో చెబుదామనుకున్నాను గానీ, అక్కడ తలుపులు అద్దాలవి. కార్డు చూపిస్తే టింగుమంటాయి. ఆ పిల్లలకు మీ భాష తెలియదు.

నా మొదటి భయం మాత్రం ఏ సినిమాదీ కాదు, మా ఇంటి తలుపుదే. తొంభైల్లో మా కడప జిల్లా పల్లెలో వీధివీధంతా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుండేది. రాత్రిపూట ఒకతి వచ్చి తలుపు తడుతుందని, ఇంట్లోవాళ్ల గొంతుతోనే పిలుస్తుందని, పలికితే మనిషి దక్కడని పుకారు. రేపు రమ్మని రాస్తే బుద్ధిగా చదువుకుని వెళ్లిపోతుంది. మర్నాడొస్తే మళ్లీ రేపే. మా నాయన చాక్‌పీసుతో రాశాడు. ‘స్త్రీ’కి ఒత్తులెలా పెట్టాలో నేను బళ్లో నేర్చుకోలేదు, ఆ తలుపు మీదే నేర్చుకున్నాను. పక్కింటివాళ్లు తొందరలో ‘ఓ శ్రీ రేపు రా’ అని రాసి లక్ష్మీదేవిని కూడా వాయిదా వేశారు. వాళ్ల అప్పులు తీరలేదంటే తీరవు మరి.

ఇక్కడికొచ్చాక తెలిసింది, బెంగళూరులోనూ అప్పట్లోనే ‘నాళె బా’, అంటే రేపు రా, అని రాశారని. ఆవిడకు కన్నడమూ చదవడం వచ్చు. 2018లో హిందీవాళ్లు ‘స్త్రీ’ అని సినిమా తీసి ఆవిణ్ణి మధ్యప్రదేశ్‌లోని చందేరికి బదిలీ చేశారు. ఇప్పుడు ఏ పెద్ద అపార్టుమెంటుకో వస్తే ఆవిడ గతేం గాను? గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి, పేరడిగి, నంబరడిగి, ఫోటో తీసి ఫ్లాటువాళ్ల ఫోనుకు పంపుతాడు. ‘స్త్రీ వచ్చారు. లోపలికి పంపాలా?’ పంపాలంటే ఒక మీట, వద్దంటే ఒక మీట, గేటు దగ్గరే పెట్టి వెళ్లమనడానికి ఇంకోటి. పాపం, గొంతు మార్చి పిలిచే అవకాశమే లేదు.

మీ నగల ప్రస్తావన కూడా తేవాలి. 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన సినిమాకు దెయ్యం పేరు పెట్టలేదు, హీరో పేరూ పెట్టలేదు. తాళం పేరు పెట్టాడు. ‘మణిచిత్రతాళ్’ అంటే నగిషీ చెక్కిన తాళం. తియ్యొద్దన్న గది తీస్తారు, కథ మొదలవుతుంది. అదే 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’. ఇందులో ఒక వింత ఉంది. మలయాళం సినిమాలో ఆ గదిలోని నర్తకిది తమిళం. తమిళంలోకొచ్చేసరికి ఆవిడది తెలుగు. కన్నడంలోనూ ‘రారా’ పాట తెలుగే. ఎవరికివాళ్లు పక్కవాళ్ల భాషను తాళం వేసిన గదిలో పెట్టుకున్నారు. బెంగళూరులో అద్దెకుంటూ ఆ పాట విన్నప్పుడల్లా సగం గర్వం, సగం అనుమానం. ఆ పాట వచ్చిన రోజు ఆంటీతో తెలుగులో మాట్లాడాలంటే కాస్త గొంతు తగ్గిస్తాను.

‘ఆప్తమిత్ర’లో ఆ వేషం సౌందర్యది. 2004 ఏప్రిల్ 17న ఈ ఊరి జక్కూరులోనే లేచిన చిన్న విమానం కూలిపోయి ఆమె పోయింది. సినిమా ఆగస్టులో వచ్చింది. తర్వాతెప్పుడో మా ఇంట్లో టీవీలో వేసినప్పుడు, ఆమె కళ్లు పెద్దవి చేసి చూస్తుంటే మా అమ్మ భయపడలేదు. కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ సినిమా మీద నాకు వేళాకోళం చేతకాదు. వదిలేద్దాం.

ఇప్పటి సినిమాల్లో మీ బతుకు చూస్తే జాలేస్తుంది. తెరవరు, మూయరు, ధడేల్మని కొడతారు. దెయ్యానికో ఫ్లాష్‌బ్యాక్, అందులో ఒక భూకబ్జా, చివర్లో అమ్మవారి పాట. మీరు కిర్రుమనడానికి ఖాళీ ఎక్కడ? వీటిలో వాల్యూమ్ తగ్గిస్తే దెయ్యం పోతుంది. పాతవాటిలో తగ్గిస్తే ఇంకా భయం, ఏం వినబడకుండా పోయిందోనని. మన రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) చూడండి. రేవతి ముఖం, మణిశర్మ నేపథ్య సంగీతం, మామూలు మనుషులుండే ఇల్లు. అదే చిక్కు. పాడుబడ్డ బంగళా అయితే హాల్లో వదిలేసి రావచ్చు. మన ఇల్లులాంటి ఇంటిని ఎక్కడ వదిలి వస్తాం?

ఇక అసలు ఫిర్యాదు. పోయిన శనివారం రాత్రి, వాన. నా పోరు పడలేక మా రూమ్మేటు మొదటిసారి ‘ది హాంటింగ్’ పెట్టాడు. శ్రీకాకుళంవాడు. సినిమా అంటే పాటలుండాలనే రకం. గంటసేపటికి కదలడం మానేశాడు. నాకన్నీ తెలిసిన సీన్లే గనక, ఫోను ఛార్జింగులో పెట్టి బాత్రూమ్‌కి వెళ్లాను. వానకు ఉబ్బి ఉన్నారేమో, మీరు బిగుసుకుపోయారు. గుంజాను, రాలేదు. అప్పుడే కరెంటు పోయింది.

“మామా, తలుపు తియ్యరా” అన్నాను.

జవాబు లేదు. దబదబా బాదాను. ఉన్న కాస్త అలికిడీ ఆగిపోయింది. మూడోసారి పిలిచాక పలికాడు. మూడు పిలుపుల దాకా పలకొద్దని వాళ్ల అమ్మమ్మ చెప్పిందట.

“ఎవలు?”

“నేనేరా!”

“నేనంటే?”

“ఇంట్లో ఉన్నదే ఇద్దరం కదరా!”

“అదీ అలాగే అంతాదంట. వైఫై పాస్‌వర్డ్ చెప్పు.”

చెప్పాను. అది పక్క పోర్షన్‌వాళ్లకు కూడా తెలుసన్నాడు. కాసేపు ఆలోచించి, “ఈ నెల కరెంటు బిల్లు ఎవలు కట్టాల?” అని అడిగాడు.

“నువ్వే.”

చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత నెమ్మదిగా, చాలా మర్యాదగా, “రేపు రా” అన్నాడు.

బతిమాలగా బతిమాలగా భుజం ఆనించి నెట్టడానికి ఒప్పుకున్నాడు. పక్క సందులోంచి అతని ఫోను లైటు గీతలా పడుతోంది. ఆ వెలుగులో మీరు, తలుపుగారూ, నా వైపు ఉబ్బారు. చెక్క మూలిగింది. అవతల ఉన్నది దెయ్యం కాదు, యాభై రెండు కిలోల శ్రీకాకుళం కుర్రాడు. నాకు తెలుసు. ఆ సీను ఎలా తీశారో కూడా తెలుసు, వాడికి చెప్పిందే నేను. అన్నీ తెలిసే రెండడుగులు వెనక్కి వేసి కమోడ్ మీద కూలబడ్డాను.

మర్నాడు ఆంటీ వడ్రంగిని పంపారు. అతను మిమ్మల్ని ఊడదీసి, గోడకు ఆనించి, కింది అంచు చిత్రిక పట్టాడు. తడిసిన చెక్క పొట్టు చుట్టలుచుట్టలుగా రాలింది. బందుల్లో నూనె పోసి, మళ్లీ బిగించి, వేలితో ఇలా నెట్టి చూపించాడు. మీరు గాలిలో తేలినట్టు వెళ్లారు. చీమంత చప్పుడు లేదు. ఎనిమిది వందలు. అడ్వాన్సులో పట్టుకుంటానని ఆంటీ కబురు పంపారు.

ఆ రాత్రి నుంచీ నాకు నిద్ర లేదు. ఇన్నాళ్లూ మీరు తెరుచుకుంటే తెలిసేది. ఆంటీ చెప్పిన ‘గొత్తవడం’ ఏమిటో ఇప్పుడు గొత్తయింది. నిన్న అలవాటు కొద్దీ రెండింటికి మెలకువ వచ్చింది. గడియ పెట్టే పడుకున్నాను, నాకు బాగా గుర్తు. మీరు జానెడు తెరుచుకుని ఉన్నారు. రూమ్మేటు నా పక్కనే గురక పెడుతున్నాడు.

తమరు వీలైనంత త్వరగా మళ్లీ తుప్పు పట్టవలసిందిగా ప్రార్థన. ఇది బహిరంగ లేఖ గనక మీ మీదే అంటిస్తున్నాను, లోపలివైపు. పైన మా నాయన రాసిన నాలుగు ముక్కలూ పెద్ద అక్షరాలతో రాశాను. ఒత్తులు రెండుసార్లు సరిచూసుకున్నాను. కింద కన్నడంలో కూడా ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడో అంతస్తు అద్దెవాసి