పాత జీపు మీద ప్రేమ, నడుముకి శిక్ష

ఫొటోలో చూస్తే పాత జీపంత అందమైన బండి ఇంకోటి ఉండదు. రోజూ ఆఫీసుకి దాన్నే నడిపే నన్ను అడగండి, చెప్తాను. ఇనుప పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులు, ముందూ వెనకా రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు, అదే సాలిడ్ యాక్సిల్, అంటే ఒక చక్రం గుంటలో పడితే పక్క చక్రానికీ తెలుస్తుంది, ఆ వెంటనే నా నడుముకీ తెలుస్తుంది. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి పార్కింగ్ చేసేసరికి చొక్కా తడిసిపోతుంది. వానొస్తే తలుపు సందులోంచి నీళ్లు చుక్కచుక్కగా సరిగ్గా మోకాలి మీదే పడతాయి, అందుకని అక్కడో పాత తువ్వాలు పర్మనెంటుగా పెట్టేశాను.

"అసలైన బండంటే ఇదీ" అనేవాళ్లున్నారే, వాళ్లని చూస్తేనే ఒళ్లు మండుతుంది. అనేది ఏసీ వేసుకున్న ఆటోమేటిక్ కారులో కూర్చుని! 1941లో విల్లీస్ జీపు తయారైంది యుద్ధం కోసం, 1948లో ల్యాండ్ రోవర్ వచ్చింది పొలం పనుల కోసం. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కుకుంటూ కూర్చోడానికి కాదు.

బురదలో లో-రేంజ్ గేరు, అంటే వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు, వేస్తే ఇంజిన్ తొణక్కుండా నత్తలా పైకెక్కుతుంది, ఆ సుఖం వేరు, కాదనను. కానీ ఏడాదికి రెండుసార్లేగా ఆ బురద! ఎయిర్‌బ్యాగుల్లేవు, గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, పిల్లల్ని వెనక అడ్డసీట్లో కూర్చోబెడితే దిగేదాకా టెన్షనే.

మొన్న అమ్మేద్దామని కడిగి ఫొటోలు తీశాను. చెప్పాగా, ఫొటోలో బాగుంటుంది. ప్రకటన ఇంకా పెట్టలేదు.