గురక పెట్టే హక్కుని కాపాడుకుందాం

రాత్రి పదకొండు దాటాక ఒక ఇంట్లోంచి గోడలు అదిరేలా గురక వినిపిస్తోందంటే, ఆ ఇంటి పెద్దాయనకి అప్పుల బాధ లేదని, తిన్నది అరుగుతోందని, మనసులో కల్మషం లేదని మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. "పడుకోగానే ఎలా పట్టేసిందో చూడు, పెట్టి పుట్టాలి" అని ఇంటిల్లిపాదీ మేలుకుని మరీ మెచ్చుకుంటారు. ఇంత గౌరవం ఉన్న కళ మీదకి ఇవాళ ఒక చిన్న పెట్టె, ఆరడుగుల గొట్టం, ఒక సిలికాన్ మాస్కు కలిసి దండెత్తి వచ్చాయి. ఆ దండు పేరు సీపాప్, నిద్రలో ముక్కులోకి గాలి ఊదే మిషన్. సమాజం ఇదేమీ పట్టించుకోకుండా నిద్రపోతోంది. అసలు పేచీ అంతా ఆ నిద్ర గురించే.

డాక్టర్ల అభియోగం ఏమిటంటే, గురక మధ్యలో వచ్చే ఆ చిన్న నిశ్శబ్దం ప్రశాంతత కాదట. నిద్రలో గొంతు కండరాలు వదులై, గాలి వెళ్లే దారి మూసుకుపోయి, ఊపిరే ఆగుతుందట. దానికి అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అని పేరు కూడా పెట్టారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు కంగారుపడి ఒక్క కుదుపుతో లేపుతుంది. పెద్ద శబ్దంతో మళ్లీ గాలి ఆడుతుంది. పడుకున్నాయనకి ఇవేమీ గుర్తుండవు. 10 సెకన్లు, ఆ పైన ఆగితే ఒక లెక్క. పూర్తిగా ఆగినవీ, సగం సగం ఆడినవీ కలిపి గంటకి సగటున ఎన్నో చెప్పే అంకెని ఏహెచ్ఐ అంటారు. 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యరకం, 30 దాటితే తీవ్రం. ఎక్కువ మార్కులొస్తే ఫెయిలైనట్టు చెప్పే పరీక్ష మన జాతికి ఎలా ఎక్కుతుంది? "మా ఆయనకి 42 వచ్చాయి" అని మెట్ల మీద నిలబడి చెప్పే ఇల్లాలి గొంతులో కాస్త గర్వం ఉంటే ఆవిడ తప్పు కాదు.

ఆ పరీక్ష కంటే ముందు ప్రశ్నల పత్రం ఒకటుంది. మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ అనే డాక్టరు 1991లో తయారుచేసిన ఎప్‌వర్త్ స్కేలు. ఎనిమిది సందర్భాలిచ్చి, ఒక్కోదాంట్లో కునుకు పట్టే అవకాశమెంతో సున్నా నుంచి 3 దాకా మార్కులు వేసుకోమంటారు. మొత్తం 24. 10 దాటితే డాక్టరు కుర్చీలో ముందుకి జరుగుతారు. సందర్భాలు చూడండి: మధ్యాహ్నం భోంచేసి ఊరికే కూర్చున్నప్పుడు. ముద్దపప్పు, ఆవకాయ, చారెడు నెయ్యి, ఆఖర్న గడ్డపెరుగు వేసుకున్న మనిషికి కునుకు పట్టకపోతే కదా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి! సభలో కదలకుండా కూర్చున్నప్పుడు. సన్మాన సభలో ఎనిమిదో వక్త మైకు పట్టుకున్నాక మేలుకుని ఉన్నవాడు ఎవడైనా ఉంటే వాడు తొమ్మిదో వక్త. కారు ట్రాఫిక్‌లో కొద్ది నిమిషాలు ఆగినప్పుడు. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం నా వాదం కాస్త తడబడుతుంది. స్టీరింగ్ పట్టుకుని దీనికి 3 మార్కులు వేసుకునే పెద్దమనిషి పక్క సీట్లో కూర్చుని నేను విజయవాడ దాకా రాను. అది వేరే సంగతి.

మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా అని కూడా అడుగుతారు. మన దేశంలో మగవాడి మెడకి టేపు వేసే అధికారం చొక్కా కుట్టే టైలర్‌కి ఉంది, గొలుసు పెట్టబోయే అత్తగారికి ఉంది. వైద్యశాస్త్రం ఇందులోకి ఎందుకు దూరిందో అర్థం కాదు. పోనీ అందరూ లావుపాటివాళ్లేనా అంటే అదీ కాదు. సన్నగా రివటలా ఉన్నవాళ్లకీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకీ కూడా ఈ జబ్బు వస్తుంది. ఆడవాళ్ల గురక సంగతి మన ఇళ్లల్లో ఎవరూ ఎత్తరు. ఎత్తినవాడికి మర్నాడు కాఫీ ఉండదు.

తర్వాత ఆ ఏహెచ్ఐ అంకె తేల్చే స్లీప్ స్టడీ. నెత్తి మీద, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్ల మీద వైర్లు అతికిస్తారు. ఛాతీకి ఒకటి, పొట్టకి ఒకటి బెల్టులు బిగిస్తారు. ముక్కు కింద సన్నగొట్టం, వేలికి క్లిప్పు. అంతా అయ్యాక టెక్నీషియన్ లైటు తీసేస్తూ "ఇంట్లో పడుకున్నట్టే పడుకోండి సార్" అంటాడు. పడుకుంటారు కూడా. పొద్దున్నే జుట్టులో ఆ జిగురుతో, చేతిలో రిపోర్టుతో ఇంటికొస్తారు. అక్కడి నుంచి కథ డాక్టర్ల చేతుల్లోంచి చుట్టాల చేతుల్లోకి వస్తుంది.

మన ఆదర్శం కుంభకర్ణుడు. ఆయన్ని లేపడానికి వెళ్లిన రాక్షసులు ఆ ఊపిరి గాలికే వెనక్కి కొట్టుకుపోయారని చదువుకున్నాం. గాలి పడుకున్నవాడి లోపల్నుంచి బయటికి వీచాలన్నది అప్పటి నుంచి వస్తున్న పద్ధతి. బయటి గాలిని ముక్కులోంచి లోపలికి తోసి, గొంతు మూసుకుపోకుండా నిలబెట్టాలన్న తిరకాసు ఆలోచన సిడ్నీలో కొలిన్ సలివాన్ అనే డాక్టరుకి వచ్చింది. 1980లో మొదటిసారి చేసి చూసి, 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. తొలిరోజుల్లో ఆ గాలికి ఆధారం వాక్యూమ్ క్లీనర్ మోటారు. పీల్చేదాన్ని ఊదేదిగా తిప్పారు. మాస్కుని ముక్కుకి రోజూ జిగురుతో అతికించేవారు. అంతకుముందు జబ్బు ముదిరినవాళ్లకి గట్టి వైద్యమంటే గొంతుకి కన్నం పెట్టడమే. కన్నం కంటే జిగురు నయమని ఆ రోగులు అనుకున్నారు. మనవాళ్లైతే ముందు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లేవారు.

సరే, పెట్టె ఇంటికి వస్తుంది. వచ్చిన గంటలో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "బావగారిని వెంటిలేటర్ మీద పెట్టారట" అని వార్త పాకుతుంది. సాయంత్రానికి ఇద్దరు ఆపిల్ పళ్లతో దిగుతారు. అది వెంటిలేటర్ కాదు, ఆక్సిజన్ సిలిండర్ అంతకన్నా కాదు, మన గదిలో గాలినే వడగట్టి కాస్త ఒత్తిడితో పంపుతుందని చెబితే వాళ్ల మొహాలు వాడిపోతాయి. గాలికా ఇంత డబ్బు పోశారు! ఆ ఒత్తిడి 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానం. 10 దగ్గర పెట్టినా వాతావరణ పీడనంలో నూటికి ఒక వంతే. ఇది విన్నాక "అంతేనా" అని ఇంకా చిన్నబుచ్చుకుంటారు.

వచ్చినవాళ్లలో ఒక బాబాయి తప్పకుండా ఉంటాడు. చేతిపని తెలిసినవాడు. మాస్కు దగ్గర చెవి పెట్టి వింటాడు, అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తాడు. "ఇక్కడ లీకవుతోందిరా, డబ్బులు తీసుకుని చిల్లుల మాస్కు అంటగట్టాడు" అని తీర్పు చెప్పి, ఎం-సీల్ తెమ్మని కుర్రాణ్ణి కిరాణా కొట్టుకి పంపుతాడు. ఆ చిల్లులు ఊపిరి వదిలిన గాలి బయటికి పోవడానికే పెట్టారు, మూస్తే వదిలిన గాలినే మళ్లీ పీల్చాలి అని చెప్పేలోపు ఆయన ముద్ద కలపడం మొదలెడతాడు. దయచేసి ఆ ముద్దని సింకు కింద పైపుకి వాడించండి. ఆయన వచ్చిన పనీ అవుతుంది, అక్కడ ఎలాగూ కారుతోంది.

నీళ్ల దగ్గర అసలు గొడవ. గాలికి తడి కలిపే తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ పొయ్యమంటారు. తెలుగు ఇంట్లో డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కనిపించేది ఇన్వర్టర్ బ్యాటరీ పక్కనే. "బ్యాటరీ నీళ్లు ముక్కులోకా?" అని అమ్మమ్మ గుండె మీద చెయ్యేసుకుంటుంది. ఆవిడ అనుమానం కొట్టిపారేసేది కాదు. బ్యాటరీకని అమ్మేది వేరు, మెడికల్ షాపులో దొరికేది వేరు. తొట్టి రోజూ కడగాలి, మిగిలిన నీళ్లు పారబొయ్యాలి అన్న సంగతి ఆ హడావుడిలో ఎవరూ వినరు.

ఇక మాస్కు. ముక్కు రంధ్రాల దగ్గర ఆనేది, ముక్కంతా కప్పేది, నోరూ ముక్కూ కప్పేది అని మూడు రకాలు. కొత్తగా మొదలెట్టినవాళ్లు చేసే మొదటి పని పట్టీలు బిగించడం. లీకైతే ఇంకాస్త, మళ్లీ లీకైతే ఇంకాస్త. పొద్దున్న ఆఫీసుకి బుగ్గల మీద రెండు గీతలతో వెళ్తారు, "ఇంట్లో ఏమైనా గొడవా" అని అటెండరు మెల్లిగా అడుగుతాడు. పడుకుని, గాలి ఆడుతుండగా, నిండుగా ఆనేంత వరకే సర్దుకోమని కొన్నచోట చెప్పే ఉంటారు. షాపులో కుర్చీలో నిటారుగా కూర్చుని సరిచూసుకున్నది పరుపు మీద పక్కకి తిరగ్గానే పనికిరాదు. గడ్డం పెంచినవాళ్లకి పెద్ద మాస్కు సరిగా ఆనదు. మొక్కు తీరేదాకా గడ్డం తియ్యని వాళ్ల విషయంలో దేవుడికీ, సిలికాన్‌కీ మధ్య రాజీ కుదర్చడం నా వల్ల కాదు. మొదట తక్కువ గాలితో మొదలెట్టి నెమ్మదిగా పెంచే ర్యాంప్ అని ఒక బటన్ ఉంది. అది చాలామంది కంటికి ఆనదు. పెట్టుకోగానే ఎదురుగాలి కొడుతుంటే "ఊపిరాడకుండా చేసే మిషన్‌ని ఊపిరికోసమని అమ్మారు" అని అర్ధరాత్రి పీకి మంచం కింద పెడతారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఆ స్వేచ్ఛ కూడా లేదు. మొదటి మూడు నెలల్లో ఏదైనా వరుసగా 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి 4 గంటలైనా వాడితేనే అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ ఆ తర్వాత కూడా డబ్బు కడుతుంది. ప్రైవేటు బీమాలూ చాలావరకు అదే దారి. ఎవరెంతసేపు పెట్టుకున్నారో పెట్టెలో ఉన్న మోడెమ్మే చెప్పేస్తుంది. ఇంటర్‌లో ప్రాక్సీ అటెండెన్స్ వేయించుకున్న తరం నిద్రకి ప్రాక్సీ దొరక్క అల్లాడుతోంది. మన బీమా కంపెనీలు ఇంత దిగజారలేదు. పాలసీ వెనక చిన్నక్షరాల్లో చెల్లించని వస్తువుల జాబితా ఉంటుంది. మినరల్ వాటర్, టీవీ చార్జీలు, లాండ్రీ, వాటి సరసనే మాస్కు. ఇంట్లో వాడుకునే సీపాప్‌కి చాలా పాలసీలు పైసా ఇవ్వవు. వాడావా లేదా అని అడగవు కూడా.

ప్రభుత్వం, కాంట్రాక్టర్లు, కల్యాణమండపాలవాళ్లు అందరూ గురక పక్షమే. గదిలో ప్లగ్ పాయింటు మంచానికి ఎదురు గోడకి, బీరువా వెనకాల ఉంటుంది. ఇన్వర్టర్ కనెక్షను ఫ్యానుకీ లైటుకీ ఇస్తారు, ప్లగ్గుకి ఇవ్వరు. కరెంటు పోగానే గాలి ఆగుతుంది, ఉలిక్కిపడి లేస్తారు. పెళ్లికి వెళ్తే పదిమంది పడుకునే గదిలో ఒక్కటే సాకెట్టు, దానికి ఆరు ఫోన్లు వేలాడుతుంటాయి. రైలెక్కితే, చార్జింగ్ పాయింట్లకి రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా కరెంటు ఆపెయ్యాలని 2021లో రైల్వే నిర్ణయించింది. అగ్నిప్రమాదాల భయం. సీపాప్‌కి పని ఉండేది సరిగ్గా ఆ వేళల్లోనే. బ్యాటరీ ప్యాకులున్నాయి గానీ, వాటి ధర విన్నవాళ్లకి ఎలాగూ నిద్ర పట్టదు.

2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లాహిరి పోయినప్పుడు, కారణం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అని ఆసుపత్రి చెప్పింది. ఆ వారం ఎన్నో ఇళ్లల్లో భార్యలు అర్ధరాత్రి లేచి భర్త ముక్కు కింద వేలు పెట్టి చూశారు. ఆ తర్వాతి వారం మళ్లీ మోచేత్తో పొడిచి పక్కకి తిప్పే పాత వైద్యానికే వచ్చేశారు. పక్కకి తిరిగితే కొందరికి తగ్గుతుంది కూడా. బీపీ మందు ఎన్నిసార్లు మార్చినా లొంగనివాళ్లకి దీని పరీక్ష కూడా చేయించమని డాక్టర్లు అంటారు గానీ, మనవాళ్లు పచ్చడి మానేసి ఊరుకుంటారు.

కొత్తవాళ్లని లొంగదీసుకోవడానికి ఇంకో ఎత్తు వేస్తారు. పగలు మెలకువగా ఉన్నప్పుడే, టీవీ చూస్తూ, కాసేపు మాస్కు పెట్టుకుని అలవాటు చేసుకోమంటారు. మన ఇళ్లల్లో టీవీ ఉండేది హాల్లో. హాలు తలుపు బార్లా తెరిచి ఉంటుంది. సీరియల్ మంచి పట్టులో ఉండగా పై పోర్షన్ ఆవిడ పెరుగు తోడుకని గిన్నెతో లోపలికి వస్తుంది. సోఫాలో గొట్టంతో కూర్చున్న మనిషిని చూసి కేక వెయ్యదు. దగ్గరికొచ్చి గొట్టాన్ని రెండువేళ్లతో నొక్కి చూస్తుంది.

"గురక నిజంగా పోయిందా అన్నయ్యగారూ?"

అన్నయ్యగారు జవాబు చెబుదామని నోరు తెరుస్తారు. ముక్కులోంచి పోతున్న గాలంతా నోట్లోంచి బుస్సుమని వస్తుంది. మాట మాత్రం రాదు.

"వదినా, మా ఆయనకి ఓ రెండ్రోజులు ఇస్తావా? పడితే మేమూ కొనుక్కుంటాం."

"ఎవరి గాలి కొలత వాళ్లదమ్మా, ముందు పరీక్ష చేయించాలి. డాక్టరు నంబరు ఇస్తా రాసుకో. ఆ బాబాయి ఎం-సీల్ కలుపుతానంటే మాత్రం ఇంట్లోకి రానివ్వకు."